మెరక – పల్లము: మన సీమలో నేలను చదును చేసిన చేతుల చరిత్ర

ఈ శతాబ్ది సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, అందరివలెనే మేమును మొదట మిషనరీ దొరలను గూర్చియే తలంచితిమి. 1822లో లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో పని ఆరంభించిన నాటినుండి ఆ చరిత్రకు ఉత్తరములు, రిపోర్టులు, సమాధిరాళ్లు సాక్ష్యముగా ఉన్నవి. దానిని మాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మన అధ్యక్షఖండములో ఉన్నారు. కావున పేర్లు మిగిలినవారి చరిత్రను వారికి విడిచి, పేర్లు మిగలనివారి చరిత్రను కొంత వ్రాయుటకు సాహసించుచున్నాము. ఎగుడుదిగుడు నేలను కొద్దిపాటి రూకలతో దారికి తెచ్చిన మన సీమ కష్టజీవుల చరిత్ర ఇది. దీనిని వ్రాయుటకు మమ్మును పురికొల్పినవి రెండు: వల్లూరులోని మా ఆలయపు దొడ్డి ఒకటి, ఆ దొడ్డిని గూర్చి ఒక అవ్వ అడిగిన ప్రశ్న మరియొకటి.

దొడ్డి కథ

వల్లూరు కడపనుండి కమలాపురము పోవు దారిలో, పెన్నకు దాపున ఉన్న ఊరు. పదుమూడవ శతాబ్దములో కాయస్థ ప్రభువులకు ఇది రాజధానిగా వెలసినది. ఆ వైభవము నేడు శాసనములలోనే కానవచ్చును. మా ఆలయము వెనుక ఇంచుమించు నలుబది సెంట్ల ఖాళీ స్థలము కలదు. ఉత్తరపు గోడనుండి దక్షిణపు వంక వరకు నిలువెత్తు వాలు, అనగా ఆరడుగులు. నడుమ ఒక సుద్దదిబ్బ. మిగిలినదంతయు గరుసు, కంపచెట్లు. దానిని అమ్మివేసి ఆ డబ్బుతో ప్రహరీగోడ కట్టుదమని కమిటీలో కొందరనిరి. తోట వేయుదము, పేద కుటుంబములకు కూరగాయలైనను దొరకునని మరికొందరనిరి. మేము తోట పక్షము వహించితిమి గాని, తోట వేయుట ఎట్లో మాకు తెలియదు.

2021 సెప్టెంబరులో కమిటీ పెట్టెలోనున్న 18,000 రూపాయలతో జేసీబీని బాడుగకు తెచ్చి, మెరకను గీకి పల్లములో పోయించితిమి. రెండు దినములలో డబ్బు అయిపోయినది. స్థలము మాత్రము పిల్లలు బంతాట ఆడుకొను మైదానమువలె కనబడినది. ఫోటో కూడ తీయించుకొంటిమి.

ఆ నవంబరు వర్షములు మన జిల్లావారు మరువలేరు. నాటి కడప జిల్లాలో రాజంపేట దగ్గర చెయ్యేరుపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నవంబరు 19న తెగి, పల్లెలు కొట్టుకొనిపోయి, ప్రాణములు పోయినవి. ఆ దుఃఖముతో పోల్చిన మా నష్టము నష్టమే కాదు. అయినను చెప్పవలెను. క్రొత్తగా పోసిన మట్టి అంతయు ఒక్క రాత్రిలో వంకలో కలిసినది. మెరకవైపున మంచి మన్ను ముందే గీకివేసితిమి గనుక అడుగున తెల్లసుద్ద పైకి తేలినది. పల్లములో మన్ను నిలువలేదు, మెరకలో మన్ను మిగలలేదు. తప్పు యంత్రముది కాదు, మాదే.

మా సంఘములో బ్రతుకంతయు మట్టిపని చేసిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ఆ గండిని చూచి, "అయ్యగారూ, నీళ్ల దావ యాడుందో సూడకుండా సదును జేస్తే, అది సదునుగా యాన్నుంటాది?" అనెను. ఇంక చేతిలో డబ్బు లేదు. కనుక మేము ఆదివారమున ప్రసంగపీఠమునుండి శ్రమదానమునకు పిలుపు ఇచ్చితిమి. సోమవారమునుండి ఇంటికొకరు చొప్పున వచ్చి పని చేయవలెనని, అది దేవుని పనియని చెప్పితిమి. ఆరాధన ముగిసిన తరువాత ఒక అవ్వ వాకిట నిలిచి మెల్లగా అడిగెను: "మా జేజి చెప్పేది అయ్యగారూ, వాళ్లమ్మ కరువులో కట్టకు మన్ను మోసిందంట. దొరలు కొసిరి కొసిరి అయినా గింజలు పెట్టిరంట. నేను గుడికి మన్ను మోస్తే ఆ పొద్దు పొయ్యి మింద ఏం పెట్టేది?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. శ్రమదానమును ఆ వారమే మానుకొంటిమి. అటు తరువాత మన సీమలో నేలను ఎవరు చదును చేసిరి, ఎట్లు చేసిరి, దానికి ఎవరు ఎంత ఇచ్చిరి అను సంగతులను వెదకితిమి. దొరికినది సంగ్రహముగా మీ ముందుంచుచున్నాము.

పోరుమామిళ్ల శాసనము

మన సీమ నేల ఒకటే తీరు కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి చూచుటకు బల్లపరుపుగా ఉండును. కాని వాన నీరు అందులో త్వరగా ఇంకదు, పైపైన పారి గండ్లు కోయును. పులివెందుల వైపు పోయినకొలది గుట్టలు, ఎర్రమన్ను, గరుసు. అక్కడ నీరు త్వరగా జారిపోవును. రెండుచోట్లను రైతునకున్న కష్టము ఒక్కటే: పడిన నీటిని, ఉన్న మన్నును నిలుపుకొనుట ఎట్లు?

దీనికి మన జిల్లాలోనే వ్రాతపూర్వకమైన పాఠమొకటి కలదు. బద్వేలుకు ఆవల పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి శిలాశాసనము ఉన్నది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఉదయగిరినుండి ఏలుచు, అక్కడ అనంతరాజసాగరమను చెరువు కట్టించిన సంగతి అందులో చెక్కబడినది. చెరువు కట్టుటకు పండ్రెండు అంగములు కావలెనని, ఆరు దోషములు ఉండరాదని ఆ శాసనము చెప్పుచున్నది. గట్టి బంకనేల, దూరమునుండి వచ్చు మంచినీటి యేరు, దాపున కొండ, పొడవైన రాళ్లు దొరకు గని, నీటిశాస్త్రము తెలిసిన పండితుడు మొదలగునవి ఆ అంగములు. వానిలో ఒకటి చెరువు దాపున చదునైన సారవంతపు పొలములుండుట. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక ఉండుట, నీటికి మించిన చోటు, చోటుకు మించిన నీరు మొదలగునవి దోషములు.

దీనిని చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది, సిగ్గును వేసినది. ఆరు వందల యేండ్ల క్రిందటనే తాబేటి వీపును దోషముగా ఎంచిన జిల్లాలో నివసించుచు, మేము నడుమనున్న సుద్దదిబ్బను లెక్కచేయక యంత్రమును పిలిచితిమి.

ఆ శాసనములో మరి రెండు మాటలు మమ్మును ఆపినవి. పండ్రెండవ అంగముగా చెప్పబడినది పనిలో నేర్పుగల జనసమూహము. అనగా రాజు, పండితుడు, కొండ, యేరు అన్నియు ఉన్నను, పని తెలిసిన కూలివారు లేనిదే చెరువు లేదని ఆనాటివారే ఒప్పుకొనిరి. ఇక రెండవ మాట: ఆ చెరువు పనిలో దినమునకు వేయిమంది పని చేసిరనియు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు నడచెననియు, రెండేండ్లకు పని ముగిసెననియు లెక్క కలదు. రాజు పేరున్నది, అతని తండ్రి పేరున్నది, చెరువునకు కూడ పేరున్నది. ఆ వేయిమందిలో ఒక్కరి పేరును లేదు. లెక్క ఉన్నది, పేరు లేదు. మన సీమలో నేలపనికి సంబంధించిన చరిత్ర అంతయు ఈ నాలుగు మాటలలో ఇమిడియున్నదని మా భావము.

దశబంధము, మన్రో దొర లెక్కలు

పెద్ద చెరువులు రాజులు కట్టించినను, కుంటలు, చేనిగట్లు, గెనెములు వేసి వానిని నిలిపినవారు గ్రామస్థులే. ఇందుకు మన సీమలో దశబంధ ఇనామను పద్ధతి వాడుకలో ఉండెను. చెరువునో కుంటనో కట్టి, దానిని బాగుగా ఉంచుటకు బాధ్యత వహించినవారికి ఆ చెరువు క్రింది ఆదాయములో ఒక భాగమో, కొంత భూమియో మాన్యముగా ఇచ్చెడివారు. చేతిలో రొక్కము లేని సర్కారు రేపటి పంటలో వాటా చూపి నేటి పని చేయించుకొన్న ఉపాయము ఇది. చౌకయైనది, తెలివైనది. మాన్యము నిలిచినంత కాలము మరమ్మతును నిలిచినది.

1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీవారికి ఇచ్చివేసినందున వీనికి దత్తమండలములని పేరు వచ్చినది. ఆ యేటనే ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి పొలములను కొలిపించి శిస్తు నిర్ణయించెను. వెళ్లిపోవు సంవత్సరమున, తాను వేయించిన శిస్తు రైతు మోయలేడని తెలిసి, తగ్గింపునకు సిఫారసు వ్రాసెను. అన్ని నేలలకు నూటికి 25 తగ్గించవలెననియు, బావులనుండి గాని యేళ్లనుండి గాని తోడి పారించుకొను నేలలకు మరి 8 కలిపి 33 తగ్గించవలెననియు, అందుకు బదులు ఆ బావులను రైతులే తమ ఖర్చుతో బాగుచేసుకొనవలెననియు అందలి సారాంశము. చిన్న చెరువుల క్రింద కూడ, మరమ్మతు భరించుటకు ఒప్పుకొన్నవారికి అదే తగ్గింపు. ఈ సిఫారసును పైవారు అప్పుడు అంగీకరింపలేదు. మన్రో 1820లో మద్రాసు గవర్నరైన తరువాత గాని ఆ తగ్గింపు రైతును చేరలేదు.

మన్రో దొర న్యాయబుద్ధిని మన సీమవారు నేటికిని చెప్పుకొందురు. ఆ మాట నిజమే. అయితే ఒక్క సంగతి గమనింపవలెను. తగ్గింపు దొరికినది పట్టా ఉన్నవానికి. గట్టు వేయుటకు గంప మోసినవానికి పట్టా లేదు, శిస్తు లేదు, కనుక తగ్గింపును లేదు. మన సంఘస్థులలో అనేకుల పూర్వులు, అనగా భూమిలేని దళిత కుటుంబములు, ఈ రెండవ వరుసలో నిలిచినవారు.

ధాత కరువు: కొసరిన కూలి

అవ్వ చెప్పిన కరువు 1876–78 నాటిది. ధాత నామ సంవత్సరములో మొదలైనది గనుక పెద్దలు దానిని ధాత కరువు అందురు. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఆ కరువులో మిక్కిలి దెబ్బతిన్నవి. ప్రభుత్వము కరువు పనులు తెరచి రోడ్లు, కట్టలు, కాలువలు వేయించినది. ఎగుడుదిగుడు నేలను తక్కువ ఖర్చుతో సరిచేయు పని మన సీమలో అంత పెద్ద ఎత్తున మునుపెన్నడును జరిగియుండదేమో!

ఆ తక్కువ ఖర్చు ఎక్కడినుండి వచ్చినది? 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు ప్రతినిధిగా వచ్చి, ఖర్చు మితిమీరుచున్నదని కూలి తగ్గించెను. రోజంతయు కష్టపడిన మగవానికి ఒక పౌను గింజలు, అనగా ఇప్పటి కొలతలో 450 గ్రాములు, దానితో ఒక అణా. ఆడువారికి, పిల్లలకు ఇంకను తక్కువ. దీనినే టెంపుల్ కూలి అనిరి. మద్రాసు శానిటరీ కమిషనరైన డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. కష్టము చేయు శరీరమునకు ఒకటిన్నర పౌను గింజలైనను ఉండవలెననియు, పప్పు, కూరలు కూడ కావలెననియు ఆయన వాదించెను. కొన్ని వారముల తరువాత ప్రభుత్వము కొంత తగ్గి కూలిని పెంచినది. ఆలోగా ఎందరు కట్టపైనే కూలిపోయిరో దేవునికే ఎరుక.

ఆ కరువు తరువాతనే మన తెలుగు జిల్లాలలో వేలాదిమంది మిషనుల నీడకు వచ్చిరి. కొందరు దానిని అన్నము కొరకైన రాక అని తేలికచేసి మాటలాడుదురు. మేము అట్లు తలంపము. అర్ధాకలితో కట్ట మోసినవారు, తమను పేరు పెట్టి పిలిచినవారి దగ్గరకు వచ్చిరి. ఇందులో తప్పేమున్నది?

ఇక్కడ మాకు ఒక సంగతి స్పష్టమైనది. చౌక రెండు విధములు. ఒకటి తెలివివలన వచ్చు చౌక: నీటి దారి తెలిసికొని, దాపునున్న రాతిని వాడి, పనిని కొద్దికొద్దిగా చేసి మిగుల్చుకొనునది. రెండవది కూలివాని కడుపు కొట్టి మిగుల్చుకొనునది. లెక్కపుస్తకములో రెండును ఒకేవిధముగా కనబడును. దేవుని యెదుట ఒకటి కావు. మేము పిలుపునిచ్చిన శ్రమదానము రెండవ జాతికి చెందినదని అవ్వ ప్రశ్నవలన తెలిసికొంటిమి. ఉద్యోగస్థుడు సెలవురోజున ఒక గంప మోసిన అది దానము. దినకూలితో బ్రతుకువాడు పని మానుకొని మోసిన అది కోత.

గట్ల శాస్త్రము

కరువు కమిషను 1880లో తన నివేదిక ఇచ్చినది. 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టము వచ్చినది. గట్టు వేసికొనుటకు, బావి త్రవ్వుకొనుటకు రైతునకు సర్కారు అప్పు, మనవారు తక్కావి అని పిలుచునది, దీనివలన దొరకినది. ఇదియు భూమి ఉన్నవానికే.

1930ల దశకమున బళ్లారి జిల్లా హగరిలోను, షోలాపూరు, బిజాపూరు మొదలగు చోట్లను మెట్టసాగుపై పరిశోధనలు జరిగినవి. వాలుకు అడ్డముగా, ఒకే ఎత్తున పోవు కాంటూరు గట్లు వేసిన యెడల మన్ను కొట్టుకొనిపోక తేమ నిలుచునని ఆ పరిశోధనలు చెప్పినవి. మద్రాసు ప్రభుత్వము 1949లో కాంటూరు గట్ల కొరకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. మన తాతలు గెనెము వేయునప్పుడు కంటితో చూచి చేసిన పనికి అప్పుడు కొలత, చట్టము రెండును ఏర్పడినవి.

ఆ వెనుక చెప్పదగిన మార్పు 2006లో వచ్చినది. ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో జాతీయ ఉపాధి హామీ పథకము ఆరంభమైనది. మొదటి విడత 200 జిల్లాలలో మన కడపయు ఒకటి. బీడుభూముల చదును, గట్లు, నీటికుంటలు ఆ పథకము క్రింద విస్తారముగా జరిగినవి. దళితుల, చిన్నరైతుల చేలలో పని చేయుటకును అందులో వీలు కల్పించిరి. ఆడ మగ తేడా లేక ఒకే కూలి ఇవ్వవలెనని 2005 నాటి ఆ చట్టము చెప్పినది. ఆ పథకములో లోపములు లేవని మేమనము. కాని టెంపుల్ కూలినుండి అక్కడికి వచ్చుటకు నూట ఇరువది తొమ్మిది సంవత్సరములు పట్టినదని జ్ఞాపకముంచుకొనవలెను.

మరల మా దొడ్డికి

2022 వేసవిలో మేము పెద్దాయన యొద్ద శిష్యరికము మొదలుపెట్టితిమి. ఆయన చెప్పినది, మేము చేసినది ఇక్కడ వివరముగా వ్రాయుచున్నాము. మన పాస్టరేటులలో ఇట్టి స్థలములు పెక్కు ఉన్నవి గనుక ఎవరికైనను ఉపయోగపడవచ్చును.

మొదటిది, వాన పడునప్పుడు గొడుగు వేసికొని నిలిచి నీటి దారి చూచుట. నీరు ఎక్కడ వచ్చుచున్నది, ఎక్కడ చేరుచున్నది, ఎక్కడ బయటకు పోవుచున్నది అను మూడు చోట్ల మేకులు పాతితిమి. దీనికి పైసా ఖర్చు లేదు. ముందే చేసియుండిన 18,000 రూపాయలు మిగిలియుండెడివి.

రెండవది, మట్టము చూచుట. తాపీమేస్త్రీలు వాడు నీళ్ల ట్యూబు చాలును. రెండు కొనలలో నీరు ఒకే ఎత్తున నిలుచును గనుక, ఆ ఎత్తున వరుసగా మేకులు పాతుకొంటూ పోయిన వాలుకు అడ్డముగా గీత ఏర్పడును. అది తిన్నగా ఉండదు, పాము నడచినట్లు వంకరగా పోవును. దానిని తిన్నగా చేయబోరాదు.

మూడవది, ఒకే మైదానము చేయుట మాని మెట్లు మెట్లుగా చేయుట. లెక్క వేసి చూడుడు. నలుబది సెంట్లు అనగా 17,424 చదరపు అడుగులు. ఆరడుగుల వాలును ఒక్కటే చదును చేయవలెనన్న పై సగమును సగటున అడుగున్నర లోతు త్రవ్వి క్రింది సగములో పోయవలెను. అది 13,000 ఘనపుటడుగులు, అనగా 130 యూనిట్ల మట్టిపని. అదే వాలును నాలుగు మెట్లుగా చేసిన, మెట్టుకు అడుగున్నర వాలే గనుక, త్రవ్వకము ఇంచుమించు 33 యూనిట్లే. మెట్లు నాలుగైన పని నాలుగో వంతు. మంచి మన్ను లోతుగా పూడిపోదు, సుద్ద పైకి తేలదు.

నాలుగవది, పైమన్నును ముందుగా జానెడు లోతు తీసి ప్రక్కన కుప్పవేసి, మెట్టు తయారైన తరువాత దానినే మరల పైన పరచుట. యంత్రముతో మేము చేసిన ఘోరమైన తప్పు దీనిని మరచుటయే. పోయిన మన్నుకు బదులు చెరువు ఒండ్రు తోలించుకొంటిమి.

ఐదవది, మెట్టు అంచున రాతికట్టు. ఎర్రగుంట్ల వైపు పాలీషు ఫ్యాక్టరీల దగ్గర పనికిరాని నాపబండ ముక్కలు గుట్టలుగా ఉండును. ట్రాక్టరు బాడుగ మాత్రమే మాకు ఖర్చు. సిమెంటు లేకుండ, పునాదిని జానెడు లోతు దించి, గోడను మెరకవైపునకు కొద్దిగా వాల్చి, వెనుక చిల్లరరాళ్లు నింపితిమి. సిమెంటు గోడ వెనుక నీరు నిలిచి త్రోయును, ఉత్తరాతి కట్టులో నీరు సందులగుండ మెల్లగా దిగిపోవును. యెరూషలేమునకు దక్షిణముననున్న బత్తీరు గ్రామపు కొండలలో ఇట్టి ఉత్తరాతి మెట్లపైన నేటికిని ఒలీవలు, ద్రాక్షలు పండించుచున్నారు. 2014లో వానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. యెషయా అయిదవ అధ్యాయములోని ద్రాక్షతోటను సిద్ధపరచుటలో రాళ్లు ఏరుట ఎందుకు చెప్పబడినదో, నాపబండలు మోసిన తరువాత మాకు బాగుగా తెలిసినది.

ఆరవది, ప్రతి మెట్టునకు ఒక అలుగు. పై మెట్టు అలుగు కుడిమూలకు, దాని క్రింది మెట్టు అలుగు ఎడమమూలకు పెట్టితిమి. నీరు పరుగెత్తక దొడ్డి అంతయు నడచి దిగును. మెట్టు ఉపరితలమును అంచువైపునకు కాక లోపలివైపునకు స్వల్పముగా వాల్చితిమి. అట్టడుగున వంకకు ముందు ఒక చిన్న కుంట త్రవ్వితిమి. నడుమనున్న సుద్దదిబ్బను తొలగింపలేదు. దానిని చుట్టి మెట్టును వంచి, దిబ్బపైన వేపను, సీతాఫలమును నాటితిమి. డబ్బు లేనివారు తాబేటి వీపును కోయనక్కరలేదు, చుట్టి పోవచ్చును.

మొదటి యేడు క్రొత్త మన్నులో చెట్లు పెట్టక జనుము, ఉలవ చల్లి దున్నితిమి. రెండవ యేడు మెరక మెట్లలో మునగ, కరివేపాకు, గోరుచిక్కుడు, పల్లపు మెట్లలో అరటి, ఆకుకూరలు వేసితిమి. గట్ల అంచున వట్టివేరు నాటితిమి.

కూలి లెక్క

పని ఒకే సారి చేయలేదు. 2022 వేసవిలో రెండు మెట్లు, 2023 వేసవిలో రెండు మెట్లు. కోత పండుగ కానుకలు ఎంత వచ్చిన అంతే పని. మట్టిపనికి 64, రాతిపనికి 30, మొత్తము 94 పనిదినములైనవి. కమిటీలో కూలిపై వాదము జరిగినది. ఆ 2022–23లో ఉపాధి పనికి మన రాష్ట్రములో నిర్ణయించిన కూలి రోజుకు 257 రూపాయలు. గుడి పని గనుక 200 చాలునని ఒకరు, ఆడువారికి ఇంకను తక్కువ ఇచ్చుట ఊరి వాడుకయని మరియొకరు అనిరి. టెంపుల్ కూలి కథ ఆ దినమున కమిటీలో చదివి వినిపించితిమి. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. చివరకు ఆడ మగ తేడా లేక 300 రూపాయలని తీర్మానమైనది. మొత్తము కూలి 28,200 రూపాయలు. బాడుగలు, ట్యూబు, మొక్కలు దీనికి అదనము. యంత్రముతో పోగొట్టుకొన్న 18,000 కంటె ఇది ఎక్కువే. అయితే ఆ 18,000కు మిగిలినది ఒక ఫోటో మాత్రమే.

తోట పరిపూర్ణమైనదని చెప్పము. మూడవ మెట్టు కట్టు ఒకచోట ఉబ్బినది, విప్పి మరల పేర్చితిమి. కుంట అనుకొన్నంత నిండుట లేదు. కాని మన్ను వంకలోనికి పోవుట నిలిచినది. అమ్మివేయుదమన్న మాట మరల ఎవరును ఎత్తలేదు. శనివారమునాడు అవసరమున్న కుటుంబములవారు వచ్చి ఆకుకూరలు కోసికొని పోవుదురు. అవ్వ మాత్రము మొదటి మెట్టు పనికి వచ్చి, కూలి లెక్కపెట్టుకొని, కొంగున ముడివేసికొని, "ఇది దేవుని పనే అయ్యగారూ" అని నవ్వెను.

ముగింపు

పని ముగిసిన దినమున మేము సంఘపు రిజిష్టరులో ఒక పుట తెరచి, ఆ నాలుగు మెట్లకు మన్ను మోసినవారి, రాయి పేర్చినవారి పేర్లన్నియు, వారి తలిదండ్రుల పేర్లతోకూడ వ్రాసితిమి. ఆ పేర్లను ఈ సంచికలో అచ్చు వేయలేదు. వారు అది కోరలేదు. కాని వంద సంవత్సరముల తరువాత ఎవరైనను ఆ దొడ్డిని గూర్చి చరిత్ర వ్రాయబోయిన, వారికి లెక్కయు దొరకును, పేర్లును దొరకును. పోరుమామిళ్ల వేయిమందికి దక్కనిది మా సంఘస్థులకు దక్కవలెనని మా ఆశ.

మన అధ్యక్షఖండములో ఎన్నో ఆలయములు, బడులు, ఆసుపత్రులు గుట్టలపైన, గరుసునేలలపైన నిలిచియున్నవి. వానికి శంకుస్థాపన చేసినవారి పేర్లు పాలరాతిపై చదువుచున్నాము. ఆ గుట్టను చదును చేసినవారెవరు? మీ సంఘములలో తొంబది యేండ్ల పెద్దలు ఇంకను ఉన్నయెడల, ఈ శతాబ్ది సంవత్సరములోనే వారి దగ్గర కూర్చుండి అడుగుడు. వారి తలిదండ్రులు ఏ గోడకు రాయి మోసిరో, ఎంత కూలి తెచ్చుకొనిరో, ఏమి తిని మోసిరో వ్రాసియుంచుడు. మరియొక సంవత్సరము ఆగిన, అడుగుటకు వారు ఉండకపోవచ్చును.

పల్లమును మెరకను సమము చేయుదునని వాగ్దానము చేసిన దేవుడు ఆ పనిని మనుష్యుల చేతులద్వారానే చేయించుచున్నాడు. ఆ చేతులకు సరియైన కూలియు, సరియైన పేరును ఇచ్చు కృప మన సంఘములన్నిటికి కలుగును గాక. ఆమేన్.